వడ్డీని బట్టి అసలు: ఆర్బత్‌నాట్ దివాలా తర్వాతి లెక్కలు

1906 అక్టోబరు 22, సోమవారం. మదరాసులో ఆర్బత్‌నాట్ అండ్ కంపెనీ చెల్లింపులు ఆపేసింది. పోయిన భాగంలో అక్కడిదాకా వచ్చి ఆగాం. ఆ సంస్థ ఎలా కూలిందో చెప్పినవాళ్ళు చాలామందే ఉన్నారు. కూలిన మర్నాటి నుంచి ఏం జరుగుతుందన్నది మాత్రం ఎప్పుడూ రెండు ముక్కల్లో తేలిపోతుంది. కోర్టు మనిషి వచ్చి తాళాలు తీసుకున్నాడు, ఆస్తులు అమ్మాడు, వచ్చింది పంచాడు అంటారు, అంతటితో సరి. విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో ఉండి, జీవితమంతా కూడబెట్టింది ఆ కంపెనీలో దాచుకున్న మనిషికి అసలు బాధ అక్కడే మొదలవుతుంది. అమ్మగా వచ్చిన డబ్బు ఇప్పుడు ఎంత ఉంది? ఎవరి దగ్గర ఉంది? ఈ ప్రశ్నకు ఎవరూ నేరుగా జవాబు చెప్పని రోజుల్లో, చేతికందిన ఒక్క అంకె నుంచి జవాబు రాబట్టే మార్గం ఒకటుంది. ఆ అంకె వడ్డీ. ఈ భాగమంతా దాని గురించే.

లెక్కల్లోకి దిగే ముందు ఆర్బత్‌నాట్ పేరు మన ప్రాంతంలో ఎంత లోతుగా దిగిందో గుర్తు చేసుకోవాలి. లేకపోతే మదరాసు దివాలాతో మనకేం పని అనిపిస్తుంది.

అప్పటి జిల్లాల హద్దులు వేరు. చికాకోల్ అని పిలిచిన శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉండేది. విజయనగరం, పాలకొండ విశాఖపట్నం జిల్లాలోవి. 1832-33లో పాలకొండ, పర్లాకిమిడి ప్రాంతాల్లో తిరుగుబాట్లు లేచినప్పుడు వాటిని అణచడానికి మదరాసు ప్రభుత్వం జార్జి రస్సెల్‌ను ప్రత్యేక కమిషనరుగా పంపింది. పాలకొండ జమీందారీ జప్తయింది. కొన్నేళ్ళు కలెక్టరు చేతి కింద నడిచాక, 1846లో ప్రభుత్వం ఆ తాలూకాను మొత్తంగా ఆర్బత్‌నాట్ కంపెనీకి గుత్తకిచ్చింది. నాగావళి పక్కన వరి పండించుకునే రైతు శిస్తు కట్టాల్సింది జమీందారుకూ కాదు, నేరుగా సర్కారుకూ కాదు, మదరాసులోని ఒక వ్యాపార సంస్థ గుమాస్తాకి. ఆ ఏర్పాటు ఒక తరానికి పైగా సాగింది. నీలిమందు వ్యాపారం కూడా కంపెనీతోపాటే ఆ ఊళ్ళలోకి వచ్చింది.

రెండో ముడి చిట్టివలస. భీమిలికి దగ్గర్లో, గోస్తనీ నది ఒడ్డున ఆర్బత్‌నాట్ వాళ్ళ చక్కెర ఫ్యాక్టరీ ఉండేది. 1867లో దాన్ని జూటు మిల్లుగా మార్చారు. ఆ మిల్లుకు కావలసిన నార బెంగాల్ నుంచి రానక్కర్లేదు, మన గోగే చాలు. పచ్చడి చేసుకునే గోంగూర ఆ మొక్క ఆకే. నార కోసం వేసిన గోగును మనిషెత్తు దాటేదాకా పెరగనిచ్చి, కోసి, కట్టలు కట్టి చెరువుల్లో, గెడ్డల్లో ఊరబెడతారు. వారాల తరబడి నీళ్ళలో నానిన కట్టల వాసన ఊరంతా కమ్ముకుంటుంది. ఆడా మగా మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, కాండం నుంచి నార ఒలిచి, జాడించి, గట్టున ఆరేస్తారు. ప్రపంచ మార్కెట్లో ఆ నార భీమిలి పేరుతోనే, బిమ్లీ జూట్‌గా చలామణి అయింది. భీమిలి రేవులో బ్యాంక్ ఆఫ్ మద్రాస్ శాఖ ఉండేది. నార, నువ్వులు, ఏజెన్సీ నుంచి దిగే వలిసెలు ఓడలకెక్కే రోజుల్లో డబ్బుకు గిరాకీ పెరిగేది, దానితోపాటే వడ్డీ రేటూ పెరిగేది. ఈ చివరి సంగతి గుర్తుంచుకోండి, లెక్కల్లో మళ్ళీ పనికొస్తుంది.

అరవై ఏళ్ళపాటు గుత్త, నీలిమందు, చక్కెర, జూటు అన్నిటా వినబడిన పేరు కాబట్టి, ఆర్బత్‌నాట్ అంటే సర్కారుతో సమానం అన్న నమ్మకం ఈ ప్రాంతంలో పుట్టడం సహజం. పైగా బ్యాంక్ ఆఫ్ మద్రాస్ కన్నా ఎక్కువ వడ్డీ ఇచ్చేది. పింఛనుదారులు, విధవలు, ఉద్యోగులు, చిన్న వర్తకులు మదరాసు ప్రెసిడెన్సీ నలుమూలల నుంచీ డిపాజిట్లు పెట్టారు. సంస్థ పెద్ద సర్ జార్జి గఫ్ ఆర్బత్‌నాట్ మదరాసు శాసన మండలిలో కూర్చున్న మనిషి. అలాంటి మనిషిని ఎవరు అనుమానిస్తారు?

కూలిపోవడం గురించి నాలుగు మాటల్లో చెప్పి ముందుకు పోదాం. లండన్‌లో కంపెనీ వ్యవహారాలు చూసే భాగస్వామి మెక్‌ఫాడియన్ సట్టా వ్యాపారాల్లో పీకల దాకా మునిగిపోయాడు. 1906 అక్టోబరు 20న భూగర్భ రైలు కింద పడి ప్రాణం తీసుకున్నాడు. రెండు రోజులకే మదరాసు కార్యాలయం తలుపులు పడ్డాయి. కంపెనీ ఎప్పుడో దివాలా స్థితికి చేరిందనీ, ఆ సంగతి దాచిపెట్టి డిపాజిట్లు తీసుకుంటూనే ఉందనీ విచారణలో బయటపడింది. 1907లో సర్ జార్జికి 18 నెలల కఠిన శిక్ష పడింది. డిపాజిట్‌దారుల పక్షాన గట్టిగా నిలబడ్డ వకీళ్ళలో వి. కృష్ణస్వామి అయ్యర్ ఒకరు. మన డబ్బు మన బ్యాంకులోనే ఉండాలన్న ఆయన పట్టుదల నుంచి పుట్టిన ఇండియన్ బ్యాంక్ 1907 మార్చిలో రిజిస్టరై, ఆగస్టు 15న తలుపులు తెరిచింది.

ఇక డబ్బు సంగతి.

మదరాసు నగరంలో ఎవరైనా దివాలా తీస్తే, వాళ్ళ ఆస్తి హైకోర్టు కింద పనిచేసే అఫిషియల్ అసైనీ చేతికి పోతుంది. 1906 నాటికి అమల్లో ఉన్నది 1848 నాటి ఇన్సాల్వెన్సీ చట్టం. దాని స్థానంలో 1909లో ప్రెసిడెన్సీ పట్టణాల ఇన్సాల్వెన్సీ చట్టం వచ్చింది. జిల్లాల్లో ఐపీ పెట్టేవాళ్ళకు 1907లో వేరే చట్టం వచ్చింది. అక్కడ జిల్లా కోర్టు రిసీవరును వేస్తుంది. ఆర్బత్‌నాట్ దుకాణం మదరాసులో ఉంది కాబట్టి, పాలకొండ మనిషైనా చికాకోల్ మనిషైనా తన బాకీని ఎనిమిది వందల కిలోమీటర్ల అవతల ఉన్న అసైనీ ముందు రుజువు చేసుకోవాల్సిందే. 1909 చట్టం అఫిడవిట్‌ను రిజిస్టరు పోస్టులో పంపుకోవచ్చని రాసిపెట్టింది. ఆ వెసులుబాటు దూరపు ఊళ్ళవాళ్ళకు ఎంత అవసరమో చికాకోల్ రోడ్డు స్టేషనులో, అంటే ఇప్పటి ఆముదాలవలసలో, మదరాసు బండి కోసం ఎదురుచూసిన ఎవరికైనా తెలుస్తుంది.

అసైనీ చేతికి డబ్బు ఒకేసారి రాదు. గోదాములో సరుకు ఒకరోజు అమ్ముడుపోతుంది. కంపెనీకి బాకీపడ్డవాడు ఇంకొకరోజు చెల్లిస్తాడు. ఎస్టేటు మీద హక్కు ఎవరిదో తేలడానికి ఏళ్ళు పడుతుంది. అలా వచ్చిన డబ్బు మధ్యమధ్యలో డివిడెండ్లుగా బయటికి పోతుంది. రూపాయికి ఇన్ని అణాలని ప్రకటన వెలువడుతుంది. 1909 చట్టం ప్రకారం మొదటి పంపకం ఏడాదిలోపు జరగాలి, ఆపైన ఆరు నెలలకు మించి జాప్యం చేయకూడదు, చేస్తే కోర్టుకు కారణం చెప్పుకోవాలి. రెండు పంపకాల మధ్య డబ్బు ఖాళీగా కూర్చోదు. బ్యాంకులోనో, ప్రభుత్వ కాగితాల్లోనో ఉంటుంది. అక్కడ వడ్డీ పుడుతుంది.

అప్పటి ప్రభుత్వ కాగితం ఎలా ఉండేదో ఒక్కసారి దగ్గరగా చూద్దాం. దాన్ని గవర్నమెంటు ప్రామిసరీ నోటు అనేవారు. ముందు పక్క అసలు, వడ్డీ రేటు, ఏ ఏడాది అప్పో రాసి ఉంటుంది. వెనక గళ్ళు గీసి ఉంటాయి. ఆరు నెలలకోసారి వడ్డీ తీసుకున్నప్పుడల్లా ఒక గడిలో గుర్తు పడుతుంది. గళ్ళన్నీ నిండితే పాత కాగితం ఇచ్చి కొత్తది తీసుకోవాలి. వడ్డీ ఫలానా జిల్లా ట్రెజరీలో తీసుకుంటానని ముందు పక్క రాయించుకునే వీలుంది. 1894లో ప్రభుత్వం తన 4 శాతం కాగితాలను మూడున్నర శాతానికి దించింది. అందుకని ఆర్బత్‌నాట్ కూలిన నాటికి సాధారణంగా చేతులు మారుతున్న కాగితం మూడున్నర శాతానిది. మన ఊళ్ళ లెక్కలో అది నూటికి నెలకు నాలుగణాల ఎనిమిది పైసలు. నూటికి రూపాయి వడ్డీనే ధర్మవడ్డీ అనుకునే చోట అది ఎంత చిన్న మొత్తమో చెప్పక్కర్లేదు. ఆర్బత్‌నాట్ ఎక్కువ వడ్డీ చూపించి జనాన్ని ఎందుకు లాగగలిగిందో కూడా దీన్నిబట్టే అర్థమవుతుంది.

ఆ చిన్న మొత్తంలో ఒక గొప్ప గుణం ఉంది. రేటు మారదు, గడువు మారదు, ఇచ్చేది సర్కారు. కాబట్టి వడ్డీ తెలిస్తే అసలు తెలిసినట్టే. వీధిబడిలో బారువడ్డీ నేర్చిన పిల్లవాడు కూడా ఈ లెక్క వెనక్కి చేయగలడు. మూడున్నర అంటే ఏడులో సగం. ఏడాది వడ్డీని రెట్టింపు చేసి, నూటితో హెచ్చించి, ఏడుతో భాగిస్తే అసలు వస్తుంది. ఇప్పుడు నేను చెప్పేవన్నీ ఊహా లెక్కలు, ఆర్బత్‌నాట్ ఖాతాలోవి కావు. అర్థం కావడానికి గుండు అంకెలు తీసుకుంటున్నాను. అసైనీ నివేదికలో ఆరు నెలలకు కాగితాల మీద వడ్డీ 8,750 రూపాయలు అని ఉందనుకోండి. ఏడాదికి 17,500. రెట్టింపు 35,000. నూటితో హెచ్చించి ఏడుతో భాగిస్తే 5 లక్షలు. అసైనీ పెట్టెలో 5 లక్షల రూపాయల కాగితాలు ఉన్నాయి. ఆ మాట ఆయన చెప్పలేదు, వడ్డీ చెప్పింది. తర్వాతి ఆరు నెలలకు వడ్డీ 7,000కు దిగితే అసలు 4 లక్షలు. మధ్యలో లక్ష రూపాయల కాగితాలు అమ్మేశారు. ఆ లక్ష డివిడెండుగా పోయిందా, వకీళ్ళ ఫీజులకు పోయిందా, కరెంటు ఖాతాలో పడి ఉందా? డిపాజిట్‌దారు ఇక అడగాల్సిన ప్రశ్న అదే. అంతకుముందు ఏం అడగాలో కూడా తెలియని మనిషికి ఇప్పుడు ఒక ప్రశ్న ఉంది. చేద తాడు ఎంత మేర తడిసిందో చూసి బావిలో నీళ్ళెంతో చెప్పినట్టే ఇదీ.

ఆ అయిదు లక్షలతో ఇంకో పని చేయొచ్చు. రుజువైన బాకీలన్నీ కలిపి 40 లక్షలనుకుంటే, చేతిలో ఉన్నది ఎనిమిదో వంతు. రూపాయికి రెండణాలు. 3,000 రూపాయల డిపాజిట్ ఉన్న ఒక పింఛనుదారుకు 375 రూపాయలు. దివాలా జరిగిన ప్రతిచోటా, ఏ దేశంలోనైనా, బాకీ హక్కులను చవగ్గా కొనే దళారులు తయారవుతారు. ఎప్పుడొస్తుందో తెలియని డబ్బు కోసం ఎందుకు చూస్తారు, రూపాయికి అణా చొప్పున ఇప్పుడే ఇస్తాం, రాసిచ్చేయండి అంటారు. అణా లెక్కన మన పింఛనుదారుకు వచ్చేది 187 రూపాయల ఎనిమిదణాలు. ఆ బేరం ఒప్పుకోవాలా వద్దా అన్నది పెట్టెలో ఎంత ఉందో తెలిస్తేనే తేలుతుంది. ఈ లెక్క నేర్చుకోవడం పండితుల వినోదం కాదని నేను గట్టిగా అనడానికి కారణం ఇదే. ముసలితనంలో చేతికి రావలసినదాంట్లో సగం పోతుందా, నిలుస్తుందా అన్నది దాని మీద ఆధారపడి ఉంది.

అయితే ఈ లెక్క తప్పుదారి పట్టించే చోట్లు కూడా ఉన్నాయి. అవి తెలియకుండా చేస్తే, నిజాయితీగా పనిచేసిన అధికారిని దొంగ అనుకునే ప్రమాదముంది. దొంగను వదిలేసే ప్రమాదమూ ఉంది.

అన్నిటికన్నా ఎక్కువమంది పడే పొరపాటు డబ్బు వచ్చిన తేదీ దగ్గర. అసైనీ బ్యాంకులో 2 శాతానికి డిపాజిట్ పెట్టాడనుకుందాం. ఏప్రిల్ 1న 2 లక్షలు ఉన్నాయి. జూలై 1న గోదాముల అమ్మకంతో ఇంకో లక్ష చేరింది. మొదటి మూడు నెలలు 2 లక్షల మీద వడ్డీ 1,000. మిగతా తొమ్మిది నెలలు 3 లక్షల మీద 4,500. మొత్తం 5,500. దీన్ని తీసుకెళ్ళి 2 శాతంతో భాగిస్తే 2,75,000 వస్తుంది. పత్రికలో 3 లక్షలు వసూలయ్యాయని చదివిన మనిషికి 25,000 ఎటో పోయాయనిపిస్తుంది. ఎటూ పోలేదు. వడ్డీ చూపించేది ఏడాది పొడుగునా ఉన్న సగటు నిల్వను, చివరి రోజు నిల్వను కాదు. సగటుకూ చివరి నిల్వకూ ఎంత తేడా ఉందో తెలియాలంటే, పెద్ద మొత్తాలు ఏ నెలలో వచ్చాయో, డివిడెండు ఏ నెలలో పోయిందో పక్కన రాసుకోవాలి. బ్యాంకు గుమాస్తాలు చేసేది కూడా అదే. ఒక్కో నిల్వ ఎన్ని రోజులుందో హెచ్చించి, అన్నీ కూడి, అప్పుడు రేటు వేస్తారు.

రేటు ఏడాది పొడుగునా ఒకటే అనుకోవడం ఇంకో పొరపాటు. ప్రభుత్వ కాగితానికి రేటు స్థిరం, బ్యాంకు డిపాజిట్‌కు కాదు. భీమిలి గురించి ఇందాక చెప్పింది ఇక్కడికొస్తుంది. పంట రేవుకు చేరే నెలల్లో మదరాసు బ్యాంకు రేటు ఎక్కేది, వానల్లో దిగేది. వేసవిలో పెట్టిన లక్షకూ వానాకాలంలో పెట్టిన లక్షకూ వడ్డీ ఒకేలా రాకపోవచ్చు.

పన్ను సంగతి చాలామందికి తట్టదు. 1886 ఆదాయపు పన్ను చట్టం కింద ప్రభుత్వ కాగితాల వడ్డీ ఇచ్చేటప్పుడే రూపాయికి అయిదు పైసలు కోసుకునేవారు. రూపాయికి 192 పైసలు కాబట్టి అది నూటికి రెండున్నరకు కాస్త పైన. 8,750 వడ్డీలో సుమారు 228 రూపాయలు ట్రెజరీలోనే ఆగిపోతాయి, చేతికొచ్చేది సుమారు 8,522. నివేదికలో ఈ రెండో అంకె వేసి, పన్ను మాట రాయలేదనుకోండి. దాన్నిబట్టి అసలు కడితే 4,87,000 దగ్గర తేలుతుంది. 13,000 రూపాయల కాగితాలు మాయమైనట్టు కనిపిస్తాయి.

కాగితం మీది విలువ, అమ్మితే వచ్చే విలువ ఒకటి కావు. వడ్డీ చెప్పేది మొదటిదాన్నే. మూడున్నర శాతం కాగితం నూరు రూపాయలది నూరుకే అమ్ముడుపోతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేదు. మార్కెట్లో వడ్డీ రేట్లు పెరిగితే పాత కాగితం ధర పడిపోతుంది. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చాక సర్కారు ఎక్కువ వడ్డీకి కొత్త అప్పులు తీసుకోవడంతో ఈ కాగితాల ధర బాగా దిగింది. దివాలా పంపకం ఏళ్ళ తరబడి సాగితే ఈ నష్టం కూడా డిపాజిట్‌దారుల నెత్తినే పడుతుంది. వడ్డీ మాత్రం అణా తేడా లేకుండా వస్తూనే ఉంటుంది, దాన్నిబట్టి చూస్తే నష్టం కనిపించదు.

వడ్డీ కనిపించనంత మాత్రాన డబ్బు లేదనడం కూడా తప్పే. కరెంటు ఖాతాలో పడి ఉన్న మొత్తానికి వడ్డీ రాదు. ఇంగ్లండులో 1883 దివాలా చట్టం ఇంకాస్త ముందుకెళ్ళింది. అన్ని దివాలాల సొమ్మునూ బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండులో ఒకే ఖాతాలో కలిపి, తక్షణం అవసరం లేనిదాన్ని సర్కారు కాగితాల్లో పెట్టి, ఆ రాబడిని దివాలా శాఖ ఖర్చులకు వాడుకుంది. అక్కడ ఏ ఒక్క దివాలా ఖాతాలోనూ దాని వడ్డీ కనబడదు. ఎవరి డబ్బు ఎంతకాలం ఆగితే శాఖకు అంత లాభం. ఆపడానికి ప్రోత్సాహం, పంచడానికి శిక్ష అన్నట్టున్న ఆ పద్ధతి నాకు న్యాయంగా తోచదు. వడ్డీ అసలును అనుసరించాలి, అసలు ఎవరిదైతే వడ్డీ వాళ్ళది.

ఇప్పటి కాలానికి వద్దాం. 2008 సెప్టెంబరు 25న అమెరికాలో వాషింగ్టన్ మ్యూచువల్ మూతపడింది. 307 బిలియన్ డాలర్ల ఆస్తులు, ఆ దేశ చరిత్రలో అంత పెద్ద బ్యాంకు కూలడం అదే. డిపాజిట్ల బీమా సంస్థ ఎఫ్‌డీఐసీ రిసీవరుగా దిగి, బ్యాంకు వ్యాపారాన్ని అదే రోజు జేపీ మోర్గాన్‌కు 1.9 బిలియన్లకు అమ్మేసింది. వచ్చిన డబ్బు, ఆ తర్వాతి వసూళ్ళు రిసీవరు దగ్గర ఏళ్ళ తరబడి ఉన్నాయి. ఎఫ్‌డీఐసీ ఇలాంటి ఖాతాల ఆస్తి అప్పుల పట్టీని మూడు నెలలకోసారి బయటపెడుతుంది. నగదు ఎంతో అందులోనే ఉంటుంది కాబట్టి, అక్కడ వడ్డీ లెక్క రహస్యం ఛేదించడానికి కాదు, చెప్పిన అంకె సరైనదేనా అని చూసుకోవడానికి పనికొస్తుంది. 2008 చివర నుంచి చాలా ఏళ్ళు అక్కడ స్వల్పకాలిక వడ్డీ దాదాపు సున్నా దగ్గర ఉంది. సున్నాతో భాగించబోతే లెక్కే నిలవదు. చిల్లర తేడా కూడా బిలియన్లలో తేలుతుంది. రేటు మరీ చిన్నదైనప్పుడు ఈ పద్ధతిని నమ్మకూడదు.

మన దేశంలో బ్యాంకు డిపాజిట్లకు 1962 నుంచి బీమా ఉంది. అప్పుడు ఒక్కొక్కరికి 1,500 రూపాయల వరకు ఇచ్చేవారు. 1993లో లక్ష చేశారు, 2020 ఫిబ్రవరి నుంచి 5 లక్షలు. 2021 సవరణతో, రిజర్వు బ్యాంకు ఆంక్షలు పెట్టిన బ్యాంకులో ఇరుక్కున్నవాళ్ళకు బీమా మొత్తం 90 రోజుల్లో రావాలి. 1906 డిపాజిట్‌దారుకు ఇది కలలో కూడా దొరకని రక్షణ. కానీ బీమా బ్యాంకులకే. బ్యాంకు కాని కంపెనీలో పెట్టినవాళ్ళు ఇప్పటికీ ఆర్బత్‌నాట్ డిపాజిట్‌దారు ఉన్న చోటే ఉన్నారు.

అందుకు అగ్రిగోల్డ్ సాక్ష్యం. విజయవాడ కేంద్రంగా పనిచేసిన ఆ కంపెనీలో పలు రాష్ట్రాల్లో లక్షల మంది డబ్బు కట్టారు, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో కూడా. ఏజెంట్లుగా తిరిగినవాళ్ళు సొంత ఊళ్ళవాళ్ళే. 2015 నుంచి అది పోలీసు కేసులూ కోర్టు వ్యవహారమూ అయింది. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 10,000 రూపాయల లోపు కట్టినవాళ్ళకు, 2021 ఆగస్టులో 20,000 లోపు వాళ్ళకు ఖజానా నుంచి డబ్బు ఇచ్చింది. మిగతావాళ్ళ ఆశ కంపెనీ భూముల వేలం మీద. మనం ఇంతసేపు చెప్పుకున్న పద్ధతి ఇక్కడ చాలావరకు చేతులెత్తేస్తుంది. భూమికి వడ్డీ పుట్టదు. వేలం జరిగి, డబ్బు బ్యాంకులో పడి, ఫిక్స్‌డ్ డిపాజిట్ అయ్యాకే వడ్డీ మాట్లాడటం మొదలుపెడుతుంది. అమ్ముడుపోని భూమి ఎంత విలువైనదైనా వడ్డీ పద్దులో సున్నాయే. ఆర్బత్‌నాట్ విషయంలోనూ ఇదే పరిస్థితి అనుకోవాలి. మిల్లుల్లో వాటాలు, ఎస్టేట్ల మీద హక్కులు, వసూలు కాని బాకీలు డబ్బుగా మారేదాకా అసైనీ వడ్డీ పద్దు వాటి ఊసెత్తదు. కాబట్టి వడ్డీ నుంచి కట్టిన అసలు ఎప్పుడూ చేతిలో ఉన్న నగదు వరకే. రాబోయేది దానికి అదనం. దళారితో బేరం చేసేటప్పుడు ఆ పింఛనుదారు రెండణాల దగ్గర ఆగకూడదు, అమ్మకానికి మిగిలినవేమిటో కూడా అడగాలి.

ఇంతకీ ఆ నగదు నిజంగా పంచబడిందా అన్నది తేల్చడానికి కూడా వడ్డీయే సాక్షి. డివిడెండు ప్రకటించిన తర్వాతి ఆరు నెలల్లో వడ్డీ అదే నిష్పత్తిలో తగ్గాలి. ప్రకటన వచ్చి, కొత్త వసూళ్ళేమీ చేరకుండానే వడ్డీ తగ్గలేదంటే డబ్బు ఇంకా అక్కడే ఉంది. అంటే డిపాజిట్‌దారుల్లో చాలామంది వచ్చి తీసుకోలేదన్నమాట. చనిపోయి ఉండొచ్చు, ఊరు మారి ఉండొచ్చు, వారసులకు కాగితాలు దొరక్కపోయి ఉండొచ్చు. బర్మాకు, రంగూను మిల్లులకు వలసపోయే శ్రీకాకుళం ప్రాంతంలో ఒక మనిషి చిరునామా పదిహేనేళ్ళు ఒకేచోట నిలవడం తేలిక కాదు.

పదిహేనేళ్ళని ఊరికే అనలేదు. 1909 చట్టం 122వ సెక్షను ప్రకారం, ప్రకటించిన నాటి నుంచి పదిహేనేళ్ళపాటు ఎవరూ తీసుకోని డివిడెండును అఫిషియల్ అసైనీ ప్రభుత్వ ఖాతాకు జమ చేయాలి. ఆ తర్వాత కూడా హక్కు ఉందనుకున్నవాళ్ళు కోర్టుకు దరఖాస్తు పెట్టుకుని తీసుకోవచ్చని పక్క సెక్షను చెబుతుంది. అసైనీ దగ్గర ఉన్నన్నాళ్ళూ ఆ డబ్బు వడ్డీ పద్దులో కనిపిస్తుంది. ప్రభుత్వ ఖాతాలో కలిసిన రోజు నుంచి కనిపించదు. డిపాజిట్‌దారు మనవడు ఎవరైనా వెతకదలిస్తే, చూడాల్సింది అంతకుముందటి ఏళ్ళ నివేదికలను.

వచ్చే భాగంలో 1938 జూన్‌లో మూతపడిన ట్రావన్‌కోర్ నేషనల్ అండ్ క్విలాన్ బ్యాంక్ దగ్గరికి వెళదాం. ఆ లిక్విడేషన్ కూడా మదరాసు హైకోర్టులోనే నడిచింది, కానీ అప్పటికి రిజర్వు బ్యాంకు పుట్టి మూడేళ్ళు దాటింది.